భుజం దగ్గర మోగని రాయి

ఆళ్లగడ్డలో శిల్పుల షెడ్లు వరసగా ఉన్న రోడ్డు మీద ఉమామహేశ్వరమ్మ వాళ్లది చివరి నుంచి మూడోది. మొగుడు సుబ్బరామయ్య విగ్రహాలు చెక్కుతాడు. ఆమె సానరాయి, నీళ్లు పెట్టి రుద్ది వాటికి నునుపు తెస్తుంది. ముప్పై ఏళ్లుగా రుద్దీ రుద్దీ వేలిముద్రలు అరిగిపోయి, రేషన్ కొట్టులో మిషను ఆమెను గుర్తుపట్టడం మానేసింది.

సుబ్బరామయ్య పదేళ్లు రాయి కోసే మిషనుతో పనిచేశాడు. దాని రొద చెవుల్ని తినేసింది. మిషను మానకపోతే మిగిలింది కూడా పోతుందని నంద్యాల చెవుల డాక్టరు చెప్పాక, దాన్ని అమ్మేసి మళ్లీ సుత్తీ ఉలీ పట్టాడు. ఇక చూడండి, హైదరాబాదు నుంచి కెమెరాలేసుకుని వచ్చేవాళ్లకు ఆయన ఆదర్శమూర్తి అయిపోయాడు. యంత్రాన్ని ఎందుకు త్యజించారని అడిగితే ఆయన వినపడక నవ్వేవాడు. వాళ్లు ఆ నవ్వును కూడా జ్ఞానం కింద జమకట్టుకుని పోయేవాళ్లు.

వాళ్ల ఊకదంపుడులోనూ ఒక గింజ ఉందని ఉమామహేశ్వరమ్మకు మాత్రమే తెలుసు. మిషను పోయాక ఆ మనిషి నిజంగానే మారాడు. పొద్దున సంగటి తిని ఉలి ముందు కూర్చుంటే పొద్దువాలేదాకా లేచేవాడు కాదు. కోపం తగ్గింది. నిద్ర పట్టేది. ఎంత తిట్టినా మానని తాగుడు దానంతటదే జారిపోయింది.

ఒక్క పనికి మాత్రం చెవి కావాలి. విగ్రహానికి రాయి ఎంచేముందు తల వచ్చే చోట, గుండె వచ్చే చోట, భుజాల దగ్గర, పాదాల దగ్గర సుత్తితో కొట్టి చూస్తారు. మంచి రాయి గంటలా మోగుతుంది. లోపల బీట ఉంటే పగిలిన కుండలా డొల్లగా పలుకుతుంది. ఆయన కొట్టేవాడు, కళ్లెత్తి ఆమెను చూసేవాడు. బాగుంటే ఆమె తలూపేది, లేకుంటే తల వంచుకుని తన రుద్దుడులో పడేది. ఈ ఏర్పాటు గురించి ఇద్దరూ ఏనాడూ ఒక్క మాట అనుకోలేదు.

పోయిన ఏడాది నాలుగు నెలల పాటు విగ్రహం చేయమని అడిగినవాడు లేడు. సుబ్బరామయ్య షెడ్డు గుంజకు ఆనుకుని కూర్చునేవాడు. ముద్ద పెడితే సగం వదిలేసేవాడు. అప్పుడు వచ్చాడు గిరీశ్, నంద్యాలలో బట్టల కొట్టు ఉన్నాయన.

"అన్నా, సంజామల గుడికి మూడడుగుల అమ్మవారు కావల్ల. చేస్తావా?"

ఉమామహేశ్వరమ్మ మొగుడి చెవిలో అరిచింది. "అమ్మవారంట!"

"ఎన్ని చేతులు?"

"రెండే సాలన్నా. నాలుగు చేతులామె మా ఇంట్లోనే ఉంది." గిరీశ్ నవ్వి, వెంటనే గొంతు మార్చాడు. "ఈ వారంలోనే మొదలుపెట్టల్ల. ల్యాకుంటే మిషను షెడ్డోళ్లు రడీగా ఉండారు."

రాయి వచ్చింది. ఆయన తల దగ్గర కొట్టాడు, మోగింది. గుండె దగ్గర మోగింది. ఎడమ భుజం దగ్గర డొల్లగా పలికింది. ఆయన కళ్లెత్తాడు. నాలుగు నెలల తర్వాత ఆ కళ్లలో వెలుగు. ఇంకో రాయి రావాలంటే నెల పడుతుంది. ఆమె తలూపింది. ఆయన ఒక్క క్షణం ఆగి, అక్కడే మళ్లీ కొట్టి మళ్లీ చూశాడు. మళ్లీ ఊపింది.

మూడు నెలలు ఆ ఇంట్లో పండగ. "ముక్కు చూడు మే, నీ మాదిరి చప్పిడిగా ల్యాకుండ చెక్కినా" అని ఆటపట్టించేవాడు. "చప్పిడి ముక్కుదాన్ని ఎవురు చేసుకోమన్యారు?" అనేది ఆమె. అన్నా, ఆమె కన్ను ఆ ఎడమ భుజం మీదే ఉండేది. దాన్ని రుద్దాల్సి వచ్చినప్పుడు పసిబిడ్డ నడినెత్తిని తుడిచినట్టు తుడిచేది.

అమ్మవారి మెడలో దండకు చివరి పువ్వు చెక్కుతుండగా భుజం, చెయ్యి ఒక్క పెళ్లగా ఊడి కింద పడ్డాయి. విరిగిన విగ్రహానికి పూజ ఉండదు. గిరీశ్ వచ్చి చూసి తల పట్టుకున్నాడు. పక్క షెడ్లవాళ్లూ మూగారు. సుబ్బరామయ్య అందరి ముందూ చెప్పేశాడు.

"నాకు చెవుల్యావప్పా. రాయి చూసుకోల్యాకపోతి. తప్పు నాదే."

రాయి మోత తనకు వినపడదని ఎన్నేళ్లుగానో దాచిన మాట అది. మర్నాడు ఉలులన్నీ గోనెసంచిలో చుట్టి దారం కట్టాడు.

"బేతంచెర్లకు పోతాండా. బండల ఫ్యాక్టరీలో పనుందంట. ఆడ చెవుల్తో పనిల్యా."

ఆయన చెప్పులు వేసుకుంటుంటే ఆమె దగ్గరకొచ్చి మెల్లగా అంది, "రాయి మోగల్యా."

"ఏందీ?"

చెవిటి మొగుడికి గుట్టుగా తప్పు ఒప్పుకునే దారి లేదు. ఆమె గుండెలనిండా గాలి పీల్చి అరిచింది. "ఆ భుజం మోగల్యాదయ్యా! నాకు ఇనపడింది! తెలిసే తలూపితి!"

పక్క షెడ్లలో సుత్తులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

సుబ్బరామయ్య సంచి కింద పెట్టాడు.

"ఆ పొద్దు చేతికి తగిలింది మే. భుజం కాడ సుత్తి చచ్చినట్ల దిగింది. అందుకే రెండోతూరి కొడితి. నీ తల ఊగింది. ఇంగ చేతికి తెలిసేది గూడా పోయిందనుకుంటి. చెవి పోతే బతకొచ్చు. చెయ్యి పోయిందనుకునే పోతాంటి బేతంచెర్లకు."

ఆయన బస్సెక్కలేదు. చెప్పులు విడిచి, సంచి దారం తెంపి, ఉలులు తీసి వరసగా పేర్చుకున్నాడు. ఆమె మధ్యాహ్నం ఉర్లగడ్డల కూర చేసి పెడితే గిన్నె ఖాళీ చేశాడు. క్షమించేశాడనుకుంది.

నెల తర్వాత గడివేముల వాళ్ల నందికి రాయి దిగింది. ఆమె ఎప్పటిలాగే ఎదురుగా వచ్చి కూర్చుంది. ఆయన సుత్తి ఎత్తి, కొట్టకుండా ఆగాడు.

"నువ్వు లోపలికి పో మే."

"ఎందుకయ్యా?"

"నువ్వీడుంటే నా కన్ను నీ మిందికే పోతాది. అప్పుడింగ నా చేతిని నేను నమ్మను."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆమె కూడా ఏదో ఒకటి అనేది. తొట్టిలో చేతులు కడుక్కుని లోపలికి వెళ్లింది.