బొడ్డు మానని సొర

బాలింతకు పాలు పడాలంటే ఎండు సొరచేప పులుసు పెట్టాలి. మా ఇంట్లో మా అమ్మ నాటి నుంచీ ఇదే నమ్మకం. కల్లూరులో మా ఇంట్లో నా కూతురు సుజాతకు కాన్పై వారం దాటింది. పాలు చాలక పసిది గుక్కపట్టి ఏడుస్తోంది. కర్నూలు అంగళ్ళలో ఎక్కడడిగినా సొర లేదన్నారు. "కడపకు పో, ఆడ దొరుకుతాది" అంది మా అక్క. తెల్లవారుజామునే పసిదానికి నీళ్ళు పోసి, ఇంకా పచ్చి ఆరని బొడ్డు చుట్టూ మెత్తగా తుడిచి, ఆరు గంటల బస్సెక్కాను.

నంద్యాలలో బస్సు ఆగితే ఉగ్గాని, బజ్జి తిన్నాను. అక్కడ పక్క సీట్లోకి బేతంచెర్ల బండల వ్యాపారి ఒకాయన వచ్చాడు. నేను పోతున్న పని విని, "ఏమ్మా, చేపల కోసరం కడపకా? సముద్రం యాడ, కడప యాడ!" అని ఒకటే నవ్వు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. మైదుకూరు దాటాక ఎండ చుర్రుమంది. కడపలో దిగేసరికి పదకొండు. షేర్ ఆటోలో ఎండుచేపల అంగడికి చేరాను.

అంగడామె ఖాదర్‌బీ. మా అక్క కాన్పుకు ఈమె అత్త దగ్గరే మూరెడు సొర కొన్నాం. అడగ్గానే గోనె సంచి విప్పింది. లోపల అన్నీ జానెడు చేపలు! ఒకటి తీసి వెల్లకిలా తిప్పాను. పొట్ట మీద, రెక్కల నడుమ, సన్నని చీలిక.

"ఇదేంది?"

"బొడ్డు మా. సొర పిల్లల్నే కంటాది గదా. పుట్టినవి పుట్టినట్టే వలలో పడినాయి."

అయ్యో దేవుడా! చేపను సంచిలోకి వదిలేశాను. పొద్దున నేను తుడిచొచ్చిన బొడ్డే కళ్ళ ముందు నిలిచింది.

"పెద్దవి లేవా?" అన్నాను, అరిచినట్టే.

"పెద్దయ్యేదాకా ఎవరు వదుల్తాండారు మా? సముద్రమంతా వలలేనంట. శానా నాళ్ళుగా ఇవే వస్తాండాయి. నువ్వు కొనకుంటే అది లేచి సముద్రానికి పోతాదా?"

ఇంట్లో ఏడుపు చెవుల్లో ఉంది. కొన్నాను.

రెండు గంటల బస్సుకు తిరుగు ప్రయాణం. అన్నం సయించలేదు. ఆళ్ళగడ్డ దగ్గర సుజాత ఫోను. "మా, దొరికిందా? పెద్దదేనా?"

"దొరికిందిలే" అన్నాను. ఫోను పెట్టేశాను.

మా అమ్మ నాకు తల్లి సొర వండిపెట్టింది. నా కూతురికి నేను సొరపిల్లను పట్టుకుపోతున్నాను. రేపు నా మనవరాలి కాన్పుకు సుజాత ఇదే బస్సెక్కి కడప వస్తే, ఆ గోనె సంచిలో ఏముంటుంది?