నూకయ్య పక్కన పెట్టిన పెంకులు

ఖరగ్‌పూర్ యార్డులో బండి ఆగగానే పొడుగు కర్ర సుత్తి పట్టుకుని ఒక్కో చక్రాన్నీ కొట్టుకుంటూ పోయే మనిషి నూకయ్య. చక్రం బాగుంటే ఖంగున మోగుతుంది, లోపల బీట ఉంటే మొద్దుగా పలుకుతుంది. ముప్పై నాలుగేళ్లు ఆయన చేసిన పని అదే. ఆయన సరేనన్న చక్రం దారిలో విరిగిందన్న మాట ఎవరూ వినలేదు. గార్డుల దగ్గర్నుంచి ఫోర్‌మన్ దాకా అందరూ 'నూకయ్య చెవి' అని గొప్పగా చెప్పుకునేవారు. నేను మాత్రం నమ్మేవాణ్ణి కాదు. గూడ్సు షెడ్డులో సరుకు అప్పగించే గుమాస్తాని నేను. పగిలిన సరుకుతో రోజూ కుస్తీ పట్టేవాడికి ఇలాంటి గొప్పలు వింటే ఒళ్లు మండుతుంది.

1963 జూన్ ఆఖరికి నూకయ్య రిటైరవ్వాలి, రైల్వే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. అదే ఊళ్లో ఝపటాపూర్ పేటలో కట్టుకుంటున్న రెండు గదుల ఇంటికి గోడలు లేచాయి, కప్పు పడలేదు. భార్య అప్పలనర్సమ్మకి సొంతూళ్లోలాగా బెంగుళూరు పెంకులే కావాలి. ఇక్కడ దొరికేవేవీ ఆవిడ కంటికి ఆనలేదు. అందుకని ఆ రకం తయారయ్యే గోదావరి వైపున్న బావమరిదికి రాసి వెయ్యి పెంకులు రైల్లో వేయించాడు. వానలు పడేలోగా అవి గోడల మీదికి ఎక్కకపోతే ముసలివాళ్లిద్దరికీ నిలువ నీడ ఉండదు.

వ్యాగను వచ్చిన రోజు కాగితం చూసి నాకు చిర్రెత్తుకొచ్చింది. 'దారిలో పగిలితే నష్టం నాదే, రైల్వేని అడగను' అని ఒప్పుకుని బుక్ చేయించాడు నూకయ్య.

"ఏం మావా, ఇన్నేళ్లు రైల్వేలో ఉండి ఇదేం పని?" అని అరిచాను.

"మన రేలు మన పెంకులు ఇరగ్గొడతాదేటి బాబూ?" అన్నాడు, నేనే ఏదో కానిమాట అన్నట్టు చూస్తూ.

ఈ పిచ్చి నమ్మకం రైల్వేవాళ్లకే ఉంటుంది. బయటివాడు ఎవడూ ఇలా సంతకం పెట్టడు.

వ్యాగను తలుపు తీస్తే ఎర్రటి పొడి జలజలా రాలింది. ఎక్కడో షంటింగులో గట్టిగా గుద్దించారు. రెండు వందల పైచిలుకు పెంకులు ముక్కలు చెక్కలయ్యాయి. నూకయ్య ఆ పొడి గుప్పెడు తీసుకుని అలాగే నిలబడిపోయాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. దగ్గరికెళ్లి భుజం తట్టాను.

"పోతే పోయాయి, మిగతావి బాగానే ఉన్నాయి. మబ్బు చూడు, ఇవాళే బండికెత్తించు" అన్నాను.

ఆయన ఎత్తించలేదు. నేలమీద చతికిలబడి, జేబులోంచి చిన్న బోల్టు తీసి, ఒక్కో పెంకునీ ఎడమ చేత్తో పైకెత్తి పట్టుకుని తట్టడం మొదలుపెట్టాడు. కొన్ని కుడివైపు, కొన్ని ఎడమవైపు. పక్క లైన్లో ఇంజన్ ఆవిరి వదిలితే నా మాట నాకే వినబడలేదు. ఆయన చెయ్యి ఆగలేదు, తడబడలేదు. ఇదంతా నాటకం అనుకున్నాను.

పనికిరావన్న ఎడమవైపు కుప్ప పెరుగుతున్నకొద్దీ, ఆయనతో వచ్చిన అప్పలనర్సమ్మ మొహం వాడిపోయింది. అందులోంచి ఒక పెంకు తీసి అటూ ఇటూ తిప్పి, మొగుడి ఎదుటికొచ్చి కూర్చుంది.

"ఓలమ్మా, ఇందల బీటేది? నాకేటీ అవుపడ్డం నేదు. ఇవీ ఏయించెయ్యి, రెండు గదులూ అయిపోతాయి."

"అవుపడకపోతే నేదనుకోమంటావేటే? పోయిందని తెలిసినాక నాను కప్పు మీదికి ఒగ్గను."

పక్కనున్న సాలువా అనే ఊళ్లో ఇల్లు కట్టేవాడొకడు ఉన్నాడు, వాడికి అంటగట్టమని నేను సలహా ఇచ్చాను. "తెలిసి తెలిసి ఒకడి నెత్తిమీద ఎట్టమంటావేటి బాబూ?" అన్నాడు. నా తల వంగింది గానీ బుద్ధి వంగలేదు. మా ఇంటి కట్టెల పాకకి ఆ కుప్పలోంచి నలభై పెంకులు అడిగాను.

"అట్టుకెళ్లు. కారతాయి, సెప్పీసినాను" అన్నాడు. నేను నవ్వుకుంటూ మోయించుకుపోయి పాకకి వేయించాను.

మంచి పెంకులు ఒక్క గదికే సరిపోయాయి. రెండో గదికి తాటాకు వేసుకుని, రిటైర్మెంటుకి ఇంకా పదిహేను రోజులుండగానే కొత్తింట్లో చేరారు.

మూడోనాడు మధ్యాహ్నం కుంభవృష్టి. మా కట్టెల పాకలోకి వెళ్లి తలెత్తి చూశాను. ప్రతి పెంకు అడుగునా సన్నటి దారంలాంటి తడి గీత, దాని వెంబడే చుక్కలు. నలభైలో ఒక్కటీ తప్పలేదు. మా ఆవిడ తడిసిన కట్టెల్నీ నన్నూ కలిపి తిడుతుంటే గొడుగు తీసుకుని ఆ వానలోనే ఝపటాపూర్ పరుగెత్తాను.

అప్పలనర్సమ్మ తలుపు తీసి, నన్ను లోపలికి రమ్మని, జల్లు కొడుతోందని వెంటనే మూసేసింది. తాటాకు గది నిండా తపేలాలు. పెంకుటి గదిలో మాత్రం ఒక్క చుక్క లేదు. మూలమూలా వెతికాను. పక్కబట్టలు, ట్రంకు పెట్టె, నేల, అన్నీ పొడిగా ఉన్నాయి. పైన వాన హోరెత్తిపోతోంది. అటు తిరిగి కూర్చుని తాడు పేనుతున్న నూకయ్యని చూసి, "మావా, నీ చెవికి దండం!" అని గొంతు చించుకున్నాను.

ఆయన తిరగలేదు. ఇంకోసారి అరిచాను. అప్పలనర్సమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. ఆవిడ కళ్లలో భయం.

"ఆయనకి ఇనబడదు బాబూ. పదేళ్లయినాది. ఎదుటోళ్ల మూతి సూసి మాటాడతాడు. ఇంకో పన్నెండు రోజులు ఎవులితోనూ అనకు."

పదేళ్లు! ఎన్ని బళ్లు, ఎన్ని వేల చక్రాలు, వాటి మీద ఎంతమంది ప్రాణాలు! ఆ పదేళ్లలో ఆ బళ్లలో నేనూ ఎక్కాను, నా పిల్లలూ ఎక్కారు.

అప్పుడు నన్ను చూశాడు నూకయ్య. మొహం వికసించింది. "రా బాబూ, కూకో. వాన ఒగ్గేసిందేటి?" అంటూ లేచి, కప్పుని మోస్తున్న రాటకి అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకున్నాడు.

"నేదు. గట్టిగానే పడతంది" అన్నాడు.