జింకల పరిగె

ఈ రోజు పొద్దున గద్వాల బస్టాండు దగ్గర ఒకామె బండి మీద పచ్చి కందికాయలు ఉప్పేసి ఉడకబెట్టి అమ్ముతోంది. మూత తీయగానే ఆవిరితో పాటు ఆ వాసన వచ్చి మొహానికి తగిలింది. ఒక పొట్లం కొన్నాను. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే ఆ వెచ్చని పొట్లాన్ని రెండు చేతుల మధ్య పట్టుకుని నిలబడ్డాను కానీ, తినబుద్ధి కాలేదు. ఎస్తేరమ్మ గుర్తొచ్చింది. గుర్తొచ్చి కళ్లు చెమర్చాయనుకునేరు, అదేం కాదు. కోపం వచ్చింది. ఆమె తలపుకొస్తే నాకు ముందు వచ్చేది కోపమే, మిగతావన్నీ ఆ తర్వాత. కోపం ఎవరి కోసం తెచ్చుకోవాలో నేర్పింది కూడా ఆమే.

మాది ఉప్పునుంతల వైపు. పెళ్లయి మల్దకల్ దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చాను. అత్తవారి చేను ఊరికి దూరంగా, రాళ్లగుట్ట కింద ఉంటుంది. మా గట్టుకు అవతలి చేను కిష్టన్నది. దాన్ని కౌలుకు చేసేది ఎస్తేరమ్మ. ఆమె ఇంట్లో అంతకు ముందు ఎవరూ తమ కోసం విత్తనం వేసుకున్నవాళ్లు కాదు. కూలి దొరికితే కూలి, దొరక్కపోతే వలస. మొగుడితో కలిసి బొంబాయిలో మట్టి మోసి, అతను పోయాక తిరిగొచ్చి, జుట్టు నెరిశాక ఆ చేను పట్టింది. చీర మీద మగవాళ్ల చొక్కా, తలకు తువ్వాలు, చేతిలో కొడవలి. నన్ను చూసిన మొదటిరోజే, "ఏంది కోడలా, మీ ఉప్పునుంతలల చెప్పులేసుకోనే కలుపు తీస్తరా?" అని నవ్వింది. నాకు ఒళ్లు మండింది. "మా కాళ్లు, మా ఇష్టం పెద్దమ్మా" అన్నాను. ఆ జవాబు ఆమెకు బాగా నచ్చినట్టుంది. మర్నాటి నుంచి మధ్యాహ్నం సద్ది ఇద్దరం ఒకే గట్టు మీద తిన్నాం.

ఆ ఏడు వానలు తొందరగా ముఖం చాటేశాయి. దీపావళికే గుట్ట మీది గడ్డి ఎండి పీచైపోయింది. ఆ వెనకే చలి దిగింది. మేం ఎండలకు అలవాటు పడ్డ మనుషులం, చలి అంటే మాకు నాలుగు రోజుల ముచ్చట. ఆ ఏడు మాత్రం వచ్చింది వచ్చినట్టే తిష్ఠ వేసింది. పొద్దున్నే చేనుకు పోతే గాలి చెవుల్లో పొడిచేది. గుట్ట మీది జింకలు తూర్పు వాలులో గుంపుగా, ఎండ కోసం కాచుకుని నిలబడేవి. మామూలుగా మనిషి అలికిడికే చెంగున ఎగిరి మాయమయ్యేవి, అప్పుడు మమ్మల్ని చూసి కూడా కదిలేవి కావు. ఎండెక్కాక కిందికి దిగి, పచ్చగా ఏది కనిపిస్తే దాని మీద పడేవి. నష్టం అబద్ధమని నేను అనను. మా శనగ మడి ఒక పక్కంతా మోడు చేశాయి. మా అత్త మట్టి ఎత్తిపోసి శాపాలు పెట్టింది. ఊళ్లో రైతులు పొద్దున్నే కుక్కలను ఉసికొల్పి తరమడం మొదలుపెట్టారు.

ఒకరోజు మా గట్టు కింద ఆడజింక ఒకటి చచ్చి పడి ఉంది. ఒంటి మీద పంటి గాటు లేదు. డొక్కలు లోపలికి అంటుకుపోయాయి. మా ఆయన కాలితో కదిపి, "పీడ పోయింది" అన్నాడు. ఎస్తేరమ్మ గట్టు దిగి వచ్చింది.

"కుక్క కరవలే నాయనా దీన్ని. ఉరికిచ్చిన్రు. తిండి లేని పానం, గింత చలిల ఎంత దూరమని ఉరుకుతది?"

మా ఆయన ఎడ్ల దగ్గరికి పోయాడు. ఆమె జింక పక్కన గొంతుక్కూర్చుంది. తర్వాత, జింకతో చెబుతున్నదో నాతో చెబుతున్నదో, "బొంబాయిల మేం తొవ్వ పొంట పండుకుంటుంటిమి. తెల్లారకముందే ఎవడో ఒకడు కట్టె పట్టుకొని వచ్చేటోడు. లెవ్వు, పో, పో అని. యాడికి పోవాల్నో మాత్రం ఒక్కడు చెప్పకపోయె. సంకల పిల్లనేసుకొని చలిల ఉరికిన. పిల్ల దక్కలే" అంది. మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

మా వైపు పరిగె అని ఒకటుంది. పంట కోసుకున్నాక చేలో రాలిన కంకులు, కాయలు లేనివాళ్లు ఏరుకుంటారు. అది బిచ్చం కాదు, హక్కు. పరిగె ఏరేవాళ్లను వెళ్లగొట్టినవాడిని ఊరు మనిషిగా చూడదు. ఎస్తేరమ్మ చిన్నతనమంతా ఆ పరిగె గింజల మీదే గడిచింది. ఆ ఏడు కంది కోతలప్పుడు ఆమె చేనంతా కోసి, గుట్ట పక్కన రెండు సాళ్లు నిలువునా వదిలేసింది. మర్చిపోయిందేమో అనుకుని అడిగాను.

"గది పరిగె" అంది, గడ్డంతో గుట్ట వైపు చూపిస్తూ.

నాకు నవ్వొచ్చింది. "కింద రాలింది గదా పెద్దమ్మా పరిగె? చెట్టుకు చెట్టే ఇడిసిపెడితె అదేం పరిగె?"

"వాటికి చేతులున్నయానే ఏరుకోనీకి?"

రెండు రోజుల్లో కిష్టన్న వచ్చాడు. చెడ్డవాడు కాదు, పంట పోతే ఏడ్చే మామూలు రైతు. నేను గట్టు ఇవతల గడ్డి కోస్తూ అంతా విన్నాను.

"ఏంది ఎస్తేరమ్మా గిది? ఊరంత తరుముతుంటె నువ్వు పిలిచి పెడుతున్నవా? మరుగుతయ్ అవి."

"నేను పిలిస్తె వచ్చినయా కిష్టన్నా? ఆకలైతె వచ్చినయ్. గీడ కడుపు నిండితె నీ శనగ దాక రావు. చలి పోయి గుట్ట మీద నాలుగు చిగుర్లు లేసేదాక జర ఓపిక పట్టున్రి."

"గవన్నీ నాకు తెల్వదు. ఎల్లుండి పొద్దుగాల అందరం కలిసి గుట్ట ఎనుకకు తోలుతున్నం. నీ చేన్ల నడుమ నుంచే తొవ్వ. అడ్డమొచ్చినవో, వచ్చే ఏడు చేను నీకియ్య."

బతుకంతా పరాయి చేలల్లో వంగిన మనిషికి మొదటిసారి దక్కిన చేను అది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమె పక్కకు తప్పుకుంటుందనే అనుకున్నాను. తప్పుకోవాలనే కోరుకున్నాను కూడా.

ఎల్లుండి పొద్దున డబ్బాలు, కట్టెలు, తాళ్లు కట్టిన కుక్కలతో ఊరి మగవాళ్లంతా వచ్చారు. వాళ్లలో చేతిలో రేకు డబ్బాతో మా ఆయనా ఉన్నాడు. చేనుకు వేసిన ముళ్లకంపలో దారి వదిలిన చోట ఎస్తేరమ్మ నిలబడి ఉంది. ఆమె వెనక ఆ రెండు సాళ్లలో జింకలు తలలు వంచి మేస్తున్నాయి.

"కంది కుప్ప కొట్టి గింజ ఇల్లు చేరేదాక గీ చేను నాది" అందామె. గొంతు పెంచలేదు. "పరిగె ఏరేటోళ్ల మీదికి మీ తాతలు ఎన్నడన్న కుక్కలను ఇడిసిన్రా? ఇడిసుంటె నేను బతికి గీడ నిలవడుదునా? ఇడువున్రి ఇప్పుడు, చూస్త."

ఎవరో నవ్వారు, ఎవరో తిట్టారు. ఒక కుక్క తాడు తెంపుకునేలా గుంజుతోంది. నా కాళ్లు వాటంతటవే గట్టు దాటాయి. "ఓ పిల్లా, నీకెందుకే, ఇటు రా!" అని వెనక నుంచి మా అత్త అరుస్తూనే ఉంది. పోయి ఎస్తేరమ్మ పక్కన నిలబడ్డాను. "మా చేన్లకెళ్లి గూడ తొవ్వ లేదు" అన్నాను, సూటిగా మా ఆయన మొహంలోకి చూస్తూ. ఆయన నన్ను చూశాడు, నా చెప్పుల వైపు చూశాడు, డబ్బా కింద పెట్టాడు. ఆ చప్పుడుకు జింకలు ఒక్కసారి తలలెత్తి, మళ్లీ మేతలో పడ్డాయి. ఎండ గుట్ట మీది నుంచి దిగేసరికి ఒక్కొక్కరే గొణుక్కుంటూ వెళ్లిపోయారు.

ఆ చలికి జింకలన్నీ బతికాయని చెప్పను. ఇంకా కొన్ని పోయాయి. కానీ శివరాత్రి దాటి ఎండ ముదిరాక ఒకరోజు వాలులో మంద కనిపించింది, మధ్యలో కాళ్లు నిలవని ఒక పిల్ల. ఎస్తేరమ్మ చొక్కా చేతితో ముక్కు తుడుచుకుని, "చలికే, ముక్కు కారుతుంది" అని అబద్ధమాడింది. ఆ మండుటెండలో!

కిష్టన్న అన్న మాట నిలబెట్టుకున్నాడు. చేను తీసేసుకున్నాడు. నేను ఏడిస్తే ఆమె నన్ను కసిరింది. "ఏడుస్తవేందే? నేను ఓడిననుకుంటున్నవా?" తర్వాత ఎవరికీ అక్కర్లేని రాళ్ల చెలక ఒకటి పట్టి, రాళ్లేరి, అందులోనూ కంది వేసింది. అక్కడా రెండు సాళ్లు వదిలింది. పోయిన వానాకాలంలో కన్నుమూసేదాకా ప్రతి ఏడూ వదిలింది.

ఈ ఏడు మళ్లీ చలి గట్టిగానే ఉంది. ఎస్తేరమ్మ లేదు గనుక, కంది కోతలప్పుడు మా చేలో రెండు సాళ్లు నేను వదిలాను. నిన్న కిష్టన్న కొడుకు మా ఇంటికి వచ్చాడు. "వదినా, ఎల్లుండి పొద్దుగాల జింకలను తోలుతం. నీ గా రెండు సాళ్లు కోసెయ్యి" అన్నాడు. అతనికి చాయ్ ఇచ్చి పంపాను. పొట్లంలో కందికాయలు చల్లారిపోతున్నాయి. ఒకటి ఒలిచి నోట్లో వేసుకుని బస్సెక్కాను. రేపు పొద్దున్నే చెప్పులేసుకుని చేనుకు పోతాను. గుట్ట మీద కొత్త చిగురు లేచేదాకా మా చేలోంచి వాళ్లకు దారి లేదు.