బద్ధకం కాదట

నా చిన్నప్పుడు రాయపూర్‌లో మేముండేది రెండు గదుల అద్దె ఇల్లు. విజయనగరం వైపు భూములన్నీ పోగొట్టుకొని వచ్చిన కుటుంబం మాది. భూములు పోయినా మా తాతయ్య ఎవరి ముందూ చేయి చాచలేదు. నేనూ చాచలేదు. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. నేను సిగ్గుపడేది మరొకందుకు.

మా బాబాయికి అప్పుడు ఇరవై రెండేళ్ళు. భన్‌పురిలో ఒక ఫ్యాక్టరీకి నడిచి వెళ్ళేవాడు. దారిలో నాలుగు చోట్ల పిక్కలు పట్టుకొని కూర్చుండిపోయేవాడు. చూడ్డానికి ఛాతీ, భుజాలు వస్తాదులా ఉండేవి. అందుకే ఎవరూ నమ్మలేదు. మన ఇంట ఇలాంటి సోమరి పుట్టలేదనేవారు తాతయ్య. వీధి పిల్లలు హిందీలో 'బైఠూ భయ్యా', అంటే కూర్చునే అన్న, అని వెక్కిరించేవారు. వాళ్ళలో నేనూ ఉన్నాను.

ఒక ఆదివారం ఉదయం బాబాయికి ముక్కు నుంచి రక్తం ఆగకుండా కారింది. పక్కింట్లో ఉండే ఆసుపత్రి నర్సు పరుగున వచ్చింది. అందరినీ ముట్టుకునే పని అని అంతకు ముందు తాతయ్య ఆమెను గుమ్మం దాటనిచ్చేవారు కాదు. ఆ రోజు అడ్డు చెప్పలేదు. రక్తం ఆగాక ఆమె బాబాయి మణికట్టు పట్టుకొని చూసింది, తర్వాత పాదం పట్టుకొంది. బాబాయి కాలు వెనక్కి లాక్కున్నాడు.

"అయ్యో అక్కా, మీరు నా కాళ్ళు పట్టుకోవడమేమిటి?"

"దండం పెట్టడం లేదులే బాబూ, నాడి చూస్తున్నా."

చాలాసేపు వెతికింది. చేతిలో ఎగిరెగిరి కొట్టుకుంటున్న నాడి పాదంలో దొరకలేదు. రేపే పెద్ద డాక్టరుకు చూపించమని తాతయ్యతో మెల్లగా చెప్పింది.

మర్నాడు నన్నూ వెంట తీసుకెళ్ళారు. డాక్టరు ఎక్స్‌రే తీయించి చూశాడు. గుండె నుంచి ఒళ్ళంతటికీ రక్తం మోసుకెళ్ళే పెద్ద నాళం పుట్టుకతోనే ఒక చోట ఇరుకైపోయిందట. తలకూ చేతులకూ రక్తం ఉరవడిగా పోతోంది, కాళ్ళకు సరిగా అందడం లేదు. ఎక్కడో ఒకరికి వచ్చే లోపం, పసితనంలోనే కనిపెట్టాల్సింది. ఆపరేషనుకు మద్రాసు వెళ్ళాలి, వెళ్ళినా బతుకుతాడని చెప్పలేం అన్నాడు. బాబాయి తాతయ్య వైపు తిరిగి పిల్లాడిలా నవ్వాడు.

"విన్నారా నాన్నగారూ? నాది బద్ధకం కాదట!"

మద్రాసు నుంచి పిలుపు రాకముందే తలలో నరం చిట్లి బాబాయి పోయాడు.

ప్రాణం తీసే రోగమని తెలిసి అంత సంతోషపడిన ముఖాన్ని నేను మళ్ళీ చూడలేదు. ఈనాటికీ నా వెంట ఎవరైనా నడవలేనని కూర్చుంటే లెమ్మనను. నేనూ పక్కన కూర్చుంటాను, వాళ్ళు లేచేదాకా.