పది నలభైకి పెట్టిన నోటీసు

మా పీజీ సెంటర్లో ఏదైనా నిజంగా జరిగిందంటే అది నోటీసు బోర్డు ఎక్కిందని అర్థం. సెలవైనా, పరీక్షైనా, ఆఖరికి ఎవరైనా పోయినా సరే. సంతాప సభ నోటీసు అంటించేదాకా పోయినాయన గురించి ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కారు. నేను టైపిస్టుగా చేరిన కొత్తలో ఈ పద్ధతి చూసి తెగ మురిసిపోయాను. నేను కొట్టిన కాగితం చదివి ఇంతమంది నడుచుకుంటున్నారే అని లోపల కాస్త గర్వం కూడా ఉండేది. ఆ గర్వం ఎలా దిగిందో ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

తొంభైల చివర్లో మాట. రాజమండ్రి ఊరి బయట, మెయిన్ క్యాంపస్‌కి చాలా దూరంలో ఉండేది మా సెంటరు. కింద ఆఫీసు, మేడ మీద మా సెంటరు పెద్ద, స్పెషల్ ఆఫీసరు గారి గది. ఆఫీసులో ఒక టెలిఫోను, ఒక ఫ్యాక్స్ మిషను, నా టైపు మిషను. వరండాలో గాజు తలుపున్న నోటీసు బోర్డు. దాని తాళంచెవి మా సూపరింటెండెంటు గారి చొక్కా జేబులో ఉండేది. ఆయనకి రిటైర్మెంటు ఇంక మూడు నెలలు. స్టెన్సిల్ చిరక్కుండా కొట్టడం నుంచి ఫైలు మీద నోట్ రాయడం దాకా నాకు పని నేర్పింది ఆయనే. ఒక్కనాడూ విసుక్కోలేదు. విసుగంతా నా వైపే ఉండేది.

ఆయనకి ఒకటే పట్టింపు. పరీక్షలకి సంబంధించిన కాగితం ఏదీ రాహుకాలంలో బోర్డు ఎక్కకూడదు. "పిల్లల భవిష్యత్తమ్మా, మన సొమ్మేం పోయింది, ఓ గంట ఆగితే" అనేవారు. మెయిన్ క్యాంపస్ నుంచి ఆర్డరు వచ్చినా, మేడ మీద సంతకం అయినా, కింద ఈయన గడియారం ఒప్పుకోవాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని నేను ఆటపట్టిస్తే నవ్వేసేవారు. ఆ గడియారం సంగతి మేడ మీదికి తెలియదు. ఎందుకంటే మా నోటీసు రిజిస్టర్లో 'బోర్డుపై ఉంచిన సమయం' అనే గడిని కాగితం టైపు కాగానే నింపేసేవాళ్ళం. నాకంటే ముందు పనిచేసినావిడా అలాగే నింపేది. మామూలు రోజుల్లో రాసిన టైముకీ పెట్టిన టైముకీ ఐదు నిమిషాలు తేడా ఉండేది. రాహుకాలం అడ్డొస్తే మాత్రం, శుక్రవారమైతే పదిన్నర నుంచి పన్నెండు దాకా, గంటన్నర వరకూ తేడా వచ్చేది. దానివల్ల ఎవరికీ ఎప్పుడూ నష్టం జరగలేదు, అందుకని మాకు అది తప్పులా కనపడలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అంతకు ముందు వానాకాలంలో గోదారికి వరదొచ్చినప్పుడు, రేపు సెలవిస్తారట అని ఫోన్లో విన్న మాట హాస్టలు పిల్లలకి నేను నోటితో చెప్పేశాను. సగంమంది మూటాముల్లే సర్దుకుని వెళ్ళిపోయారు. తీరా సెలవు ఇవ్వలేదు. నాకు మెమో వచ్చింది. నాది ఆరు నెలలకోసారి పొడిగించే ఉద్యోగం. ఆ రోజు నుంచి ఎవరేం అడిగినా నా నోట ఒకటే జవాబు, బోర్డు చూసుకోండి అని.

ఏప్రిల్లో ఒక శుక్రవారం. ఎమ్మెస్సీ ఫైనలియర్ పన్నెండుమందికి సోమవారం ప్రాజెక్టు వైవా ఉంది. బయటి యూనివర్సిటీ నుంచి ఎగ్జామినర్ వస్తారు. పదిన్నర కావస్తుండగా ఫ్యాక్స్ వచ్చింది. ఎగ్జామినర్ గారికి సోమవారం మధ్యాహ్నం రైలుకే తిరుగు టికెట్టు దొరికిందిట. పన్నెండుమందికి ఒక పూట చాలదు కాబట్టి వైవా శనివారానికి, అంటే మర్నాటికే మార్చమని. నేను గబగబా కొట్టాను. మేడెక్కి సంతకం చేయించుకొచ్చాను. రిజిస్టర్లో పది నలభై అని రాసి తాళంచెవి కోసం చెయ్యి చాపాను.

సూపరింటెండెంటు గారు గోడ గడియారం చూశారు. "శుక్రవారం కదమ్మా. పన్నెండు దాటాక పెడదాం."

"సార్, పదకొండూ నలభై ఐదుకి బస్సుందండి. ఊళ్ళకెళ్ళేవాళ్ళు దాంట్లోనే వెళ్ళిపోతారు."

"వైవా పెట్టుకుని ఎవరెళ్తారమ్మా? పుస్తకాలు ముందేసుక్కూర్చుంటారు గానీ."

ఇంకొక్క మాట గట్టిగా అనొచ్చు. మేడెక్కి చెప్పొచ్చు. నేను మూతి ముడుచుకుని వచ్చి కూర్చున్నాను. కాగితాన్ని బోర్లించి పైన పేపరు వెయిటు పెట్టాను.

పదకొండున్నరకి కిటికీ దగ్గరికి ఒకమ్మాయి వచ్చింది. ఆ పన్నెండుమందిలో అందరికంటే బాగా తెలిసిన పిల్ల నాకు. పాలకొల్లు దాటి లోపలికి పోవాలి వాళ్ళ ఊరు. వాళ్ళ ఊళ్ళో రొయ్యలకి తెల్లమచ్చ తెగులు తగిలి చెరువులన్నీ ఎత్తిపోతే, ఆ తెగులు మీదే ప్రాజెక్టు చేసింది. కిందటేడు వైవా రోజున ఆటలమ్మ పోసి మంచం మీదుంది. మా రూల్లో రెండే అవకాశాలు. ఈసారి తప్పితే డిగ్రీ లేదు, రెండేళ్ళ చదువూ బూడిదలో పోసిన పన్నీరే. కాకినాడ వైపు రొయ్యపిల్లల్ని పెంచే ఒక హేచరీ వాళ్ళు ల్యాబులో ఉద్యోగం ఇస్తామన్నారు, సర్టిఫికెట్ తెస్తే. ఆ కాగితం నాకు చూపించి మరీ సంబరపడింది.

భుజాన సంచీ ఉంది. "మేడమ్, కొత్త నోటీసులేమైనా ఉన్నాయాండి? పెనుగొండ మా అమ్మమ్మ గారింటికి వెళ్తున్నానండి. అక్కడైతే ప్రశాంతంగా చదువుకోవచ్చని. సోమవారం ఫస్టు బస్సుకి వచ్చేస్తానండి."

నా మోచెయ్యి ఆ కాగితం పక్కనే ఉంది. మాట నాలిక చివరిదాకా వచ్చింది. వెనక్కి తిరిగి చూశాను. సూపరింటెండెంటు గారు ఫైలులో తల దూర్చుకుని ఉన్నారు. మెమో గుర్తొచ్చింది.

"బోర్డు చూసుకోమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి వరండాలోకెళ్ళి బోర్డు మొత్తం చదివింది. గాజు మీద వేలు పెట్టి ఒక్కో కాగితమే చదవడం నాకు కిటికీలోంచి కనపడుతూనే ఉంది. ఒక్క నిమిషం ఆగవే తల్లీ అని లోపల అనుకుంటూనే ఉన్నాను. అనుకోవడానికి మెమోలు ఇవ్వరు కదా. బస్సు హారన్ కొట్టింది. పరుగెత్తి ఎక్కేసింది.

పన్నెండు దాటి ఐదు నిమిషాలకి నోటీసు పెట్టాను. ఒంటిగంటకల్లా చూసినట్టు పదకొండు సంతకాలు వచ్చాయి. పన్నెండో గడి ఖాళీ. అప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అడ్మిషను ఫారం తీసి, అందులో ఉన్న పీపీ నంబరుకి ఫోను చేశాను. అది వాళ్ళ ఊళ్ళో కిరాణా కొట్టు ఫోను. కొట్టాయన మర్యాదగానే మాట్లాడారు. "ఆ అమ్మాయి ఇంకా ఊళ్ళోకి రాలేదండి. వాళ్ళ నాన్నగారు చేల్లో ఉంటారండి, సాయంత్రం చెప్తాను" అన్నారు. పెనుగొండలో ఎవరింటికో ఆయనకి తెలియదు, నాకూ తెలియదు. సాయంత్రం మళ్ళీ చేస్తే లైను కలవలేదు. సూపరింటెండెంటు గారు నా వెనకే నిలబడి, "చేసేవుగా అమ్మా, కబురు అందుతుందిలే" అన్నారు.

శనివారం వైవా జరిగింది. వరండాలో ఎవరి అడుగులు వినపడ్డా తలెత్తి చూశాను. సాయంత్రం దాకా పదకొండుమందే. ఆదివారం ఎగ్జామినర్ గారు ద్రాక్షారామం వెళ్ళి దర్శనం చేసుకొచ్చారని విన్నాను.

సోమవారం తొమ్మిది కాకుండానే వచ్చింది. జడ గట్టిగా వేసుకుని, ప్రాజెక్టు పుస్తకానికి అట్ట కూడా వేసుకుని. బోర్డు ముందు ఆగిపోయింది. నేను కిటికీలోంచి ఆ వీపే చూస్తున్నాను. చాలాసేపు కదల్లేదు. తర్వాత మేడ మెట్లెక్కింది. ఐదు నిమిషాలకి మా ఇద్దరికీ పైనుంచి పిలుపొచ్చింది, రిజిస్టరు పట్టుకుని రమ్మని.

స్పెషల్ ఆఫీసరు గారు చెడ్డాయన కాదు. ముక్కుసూటి మనిషి. "ఎగ్జామినర్ గారు గెస్ట్‌హౌసులోనే ఉన్నారు, మధ్యాహ్నం దాకా ఉంటారు" అన్నారు. "మన ఆఫీసు వల్ల ఆలస్యమైందని తేలితే ఇప్పుడే రాసిచ్చి ఈ పూటే ఈ అమ్మాయికి వైవా పెట్టించేస్తాను. అరగంట పని. మన పొరపాటు లేకపోతే మాత్రం నా చేతుల్లో లేదు."

రిజిస్టరు తెరిచారు. "పది నలభై అని ఉంది. బస్సు పదకొండూ నలభై ఐదు. ఏమ్మా, గంటసేపు బోర్డు మీద ఉన్నది నువ్వు చూడలేదా?"

"పదకొండున్నరకి చూసే వెళ్ళానండి. అప్పుడు లేదండి" అంది. మాట స్పష్టంగానే ఉంది. "మేడమ్‌ని కూడా అడిగానండి."

ఆయన నా వైపు తిరిగారు. "నోటీసు ఎన్నింటికి పెట్టావమ్మా?"

సూపరింటెండెంటు గారు నేల చూపులు చూస్తున్నారు. ఆయన చేతి వేళ్ళు చొక్కా జేబు మీద ఉన్నాయి. మూడు నెలల్లో దండ వేయించుకుని వెళ్ళాల్సిన మనిషి. ఆయన మీద జాలితో అన్నానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. కొంత అది నిజమే. ఎక్కువ భాగం భయం. జూన్‌లో నా పొడిగింపు కాగితం మీద సంతకం చెయ్యాల్సింది ఎదురుగా కూర్చున్న ఈయనే.

"పది నలభైకేనండి" అన్నాను.

ఆ అమ్మాయి నా మొహంలోకి చూసింది. కోపంగా చూస్తే బాగుండేది. కిటికీ దగ్గర నేనేమన్నానో, తను బోర్డు ముందు ఎంతసేపు నిలబడిందో నాకు తెలుసని తనకి తెలుసు. గట్టిగా అరిచి నన్ను నిలదీస్తుందనుకున్నాను. పెద్దవాళ్ళ మాటకి ఎదురు చెప్పకుండా పెరిగిన పిల్ల. నా మాట, రిజిస్టరు మాట ఒకటయ్యాక తన కళ్ళ మీద తనకే అనుమానం వచ్చినట్టుంది.

"అయితే నేనే సరిగ్గా చూసుకోలేదేమోనండి" అంది.

స్పెషల్ ఆఫీసరు గారు నిట్టూర్చి రిజిస్టరు మూసేశారు. పన్నెండో గడిలో, నోటీసు చూశాను అన్నచోట ఆ అమ్మాయి చేత సంతకం పెట్టించమన్నారు. ఆ కాగితం నేనే అందించాను. పెన్ను కూడా నాదే. సంతకం పెట్టి పెన్ను మూత బిగించి మరీ తిరిగిచ్చింది.

మెట్లు దిగుతుంటే సూపరింటెండెంటు గారు వెనకనుంచి మెల్లిగా, "నేను చెప్పమనలేదమ్మా" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వద్దనీ అనలేదు కదండీ అన్నాను. మధ్యాహ్నం రైలు టైము అయ్యేదాకా నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. మేడ మెట్లు పధ్నాలుగు. ఎక్కడానికి మూడు గంటలు టైముంది నాకు. ఎక్కలేదు.

మర్నాడు ఎక్కాను. రాత్రంతా కన్ను మూతపడలేదు, ఇంక మోయలేక ఎక్కాను. ఉన్నదంతా చెప్పేశాను, రాహుకాలంతో సహా. స్పెషల్ ఆఫీసరు గారు రిజిస్టరు మళ్ళీ తెప్పించి ఆ పేజీ తీశారు.

"నిన్న అడిగాను కదమ్మా" అన్నారు. "ఆయన వెళ్ళిపోయారు, మార్కుల కవరు సీలైపోయింది. రిజిస్టర్లో ఒక టైము, నిన్న నీ నోట అదే టైము, ఇవాళ ఇంకోటి. మెయిన్ క్యాంపస్‌కి ఏది రాయమంటావు?"

అయినా రాశారు. ఆ ఉత్తరం నేనే టైపు కొట్టాను. నాలుగు వారాలకి జవాబు వచ్చింది, ఒకే వాక్యం, రికార్డులను బట్టి విజ్ఞప్తి పరిశీలించుటకు వీలుపడదని. దాన్ని బోర్డు మీద పెట్టక్కర్లేదు గనక ఫైలులో కట్టేశాను. నాకు ఇంకో మెమో వచ్చింది గానీ ఉద్యోగం పోలేదు. సూపరింటెండెంటు గారు దండ వేయించుకునే వెళ్ళారు. ఆ వీడ్కోలు సభ నోటీసు ఏ రోజున, ఏ గంటకి పెట్టానో అప్పుడు నేను పట్టించుకోలేదు.

జూన్‌లో ఆ అమ్మాయి టీసీ కోసం వచ్చింది. ఈసారి సంచీ లేదు, పుస్తకమూ లేదు. హేచరీ వాళ్ళు ఇంకెవరినో తీసుకున్నారని అడక్కుండానే చెప్పింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు, కిటికీ దగ్గరే నిలబడింది. క్షమించమ్మా అనాలని రోజూ అనుకున్నదాన్ని, ఎదురుగా ఉంటే మిషన్లో కాగితం ఎక్కించడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాను. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చేరిన సంవత్సరం కొట్టుకుంటూ వచ్చాను. 'చదువు మానుటకు కారణం' అన్న గడి దగ్గర వేళ్ళు ఆగిపోయాయి.

నేను ఆగడం చూసి ఆ అమ్మాయి కిటికీ ఊచల్లోంచి కొంచెం ముందుకి వంగింది.

"స్వంత కారణాలు అని కొట్టెయ్యండి మేడమ్" అంది. "అందరికీ అదే కొడతారంట కదండీ."

అదే కొట్టాను.