అవతలి రేవులో దిగని మనిషి

సాయంత్రం అయిదు కావస్తోందంటే నరసాపురం బజార్లో నులక, నవారు, మోకులు అమ్మే జోగేశ్వరరావు మొహంలో ఎక్కడలేని వ్యాపార దక్షతా ప్రత్యక్షమవుతుంది. పొద్దుటినించీ కనపడనిది ఆ వేళకి ఎక్కణ్ణించి ఊడిపడుతుందో తెలీదు. గల్లాపెట్టెకి తాళం వేసి, కండువా దులిపి భుజాన వేసుకుని, ఇంట్లోకి ఒక కేక వేస్తాడు.

"ఏమే, అలా అవతలికెళ్ళి పీచుతాళ్ళ బేరం చూసొస్తాను. కొట్టు చూస్తూండు."

కొట్టు ముందూ, ఇల్లు వెనకా. భార్య అమ్మణ్ణి బియ్యం చేటతో సహా వచ్చి కూర్చుంటుంది. అవతల అంటే గోదావరి అవతల, సఖినేటిపల్లి. కోనసీమలో కొబ్బరిపీచుతో పేనిన తాళ్ళు దొరుకుతాయి కాబట్టి, తాళ్ళ వ్యాపారి అటు వెళ్ళడంలో ఎవరికీ వింత కనపడలేదు. వరద రోజులు తప్పించి రెండేళ్ళుగా దాదాపు రోజూ వెళ్తున్నాడు. పాపం, ఈ వయసులో కూడా ఎంత తిరుగుతున్నాడో అని బజారంతా జాలిపడేది.

అసలు సంగతేమిటంటే, ఆ రెండేళ్ళలో జోగేశ్వరరావు అవతలి గట్టు మీద కాలు మోపలేదు.

మొదటిసారి మాత్రం నిజంగా తాళ్ళ కోసమే బయల్దేరాడు. పెద్ద పడవల మీద బల్లలు పరిచి, పక్కన లాంచీ కట్టి నడిపే పంటు మీద గోదావరి దాటాడు. అవతలి రేవు చేరేసరికి కుండపోతగా వాన. అందరూ తలమీద ఏదో ఒకటి కప్పుకుని పరిగెత్తారు. జోగేశ్వరరావు పంటు మీది రేకు కప్పు కిందే నిలబడిపోయాడు. వాన తగ్గే లోపల పంటు నిండింది, వెనక్కి తిరిగింది, అతన్ని తెచ్చి నరసాపురంలో దింపింది. తాడు లేదు, బేరం లేదు, సాయంత్రం దండగ. అయినా మనసుకి ఏమీ కష్టంగా లేదు. ఇదే అతన్ని కంగారు పెట్టింది. ఏదైనా జబ్బేమోననుకున్నాడు. తగ్గిందో లేదో చూద్దామని మర్నాడు మళ్ళీ పంటెక్కాడు. తగ్గలేదు.

అప్పట్నించీ అదే వరస. రేవులో ఒక పొట్లం వేయించిన శనక్కాయలు కొంటాడు. అందులో కాస్త మాడినవి కూడా ఉండాలి. అవి విడిగా ఏరి చివరికి దాచుకుంటాడు. లాంచీ ఇంజను దడదడలు అరికాళ్ళలోంచి మోకాళ్ళ దాకా వచ్చేచోట, ఇనప కమ్మీ పక్కన బల్ల మీద కూర్చుంటాడు. గాలి చొక్కాలో దూరి బొజ్జ చుట్టూ తిరిగి వీపులోంచి బయటికి పోతుంది. సైకిళ్ళవాళ్ళు, మేకలవాళ్ళు, చేపల గంపల ఆడవాళ్ళు, చంకలో ఫైళ్ళు పెట్టుకున్న గుమాస్తాలు. పంటు రేవుకి ఇంకా ఆనకుండానే అందరూ దూకడానికి తయారు. వాళ్ళందరికీ పనులున్నాయి, తనకి లేవు. ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా అతనికి ఎవరో కితకితలు పెట్టినట్టుండేది. అందరూ దిగిపోయాక, ఇటు వచ్చేవాళ్ళు ఎక్కేలోపల, ఆ పంటంతా అతనిదే. చెప్పులు విడిచి తడి బల్లల మీద కాళ్ళు చాపుకునేవాడు.

ఇలాంటి మనిషి గురించి రాసేటప్పుడు ప్రకృతి, పరమాత్మ, మనశ్శాంతి అని ఏదో ఒకటి తగిలించడం మనకో అలవాటు. జోగేశ్వరరావు దగ్గర ఆ సరుకు లేదు. తిరిగి వచ్చేటప్పుడు ఎదురెండ కళ్ళల్లో పడుతుందని సూర్యాస్తమయానికి వీపు పెట్టి కూర్చునేవాడు. గోదావరికి దణ్ణం కూడా పెట్టేవాడు కాదు. రోజూ కనపడే మనిషికి రోజూ దణ్ణం ఏం పెడతాం?

మరి ఇంట్లో అబద్ధం ఎందుకంటే, అతను పుట్టింది వర్తకుల ఇంట. ఆ ఇంట్లో గుడికి వెళ్ళడం పనే, రోగిని పలకరించడం పనే, మధ్యాహ్నం పడుకోవడం కూడా అన్నం అరగడానికి చేసే పనే. ఏమీ లేకుండా వెళ్ళి ఏమీ లేకుండా రావడానికి మాత్రం అక్కడ పేరు లేదు. చెబితే నవ్వుతారని కాదు. చెప్పడానికేమీ లేదు, అదీ చిక్కు.

ఒక్క విషయంలో జాగ్రత్తగా ఉండేవాడు. దీపం పెట్టే వేళకి కొట్టు యజమాని గల్లాపెట్టె దగ్గర ఉండితీరాలి. లక్ష్మీదేవి ఆ వేళకి బజారు వెంట వస్తుందనీ, ఎవరి కొట్లో ఎవరున్నారో చూసుకుంటుందనీ తాతల నాటి నమ్మకం. ఎక్కడ తిరిగినా ఆ వేళకి వచ్చి వాలేవాడు.

మార్గశిర మాసంలో ఒకరోజు సముద్రపు పాటు ఎక్కువై గోదావరిలో నీళ్ళు లాగేశాయి. పంటు నడి గోదావరిలో ఇసక మేట మీద కూర్చుంది. ఎవరెంత తోసినా కదల్లేదు. జోగేశ్వరరావు కళ్ళ ముందే నరసాపురం గట్టు మీద ఒక్కొక్క దీపమే వెలిగింది. పోటు వచ్చి, పంటు లేచి, అతను ఇల్లు చేరేసరికి అమ్మణ్ణి తనే కొట్లో దీపం పెట్టి, గల్లాపెట్టె మీద చెయ్యి వేసుకుని కూర్చుని ఉంది.

"ఇప్పటిదాకా ఎక్కడున్నారండీ?"

"పంటు మేటెక్కిందే. పోటొచ్చేదాకా కదిలితేనా!"

"తాళ్ళేవి మరి?"

"ఏ తాళ్ళు?"

కొంప ముంచింది ఈ మాటే.

"రోజూ చూసొస్తున్నారుగా, ఆ తాళ్ళు. రెండేళ్ళయింది. ఒక్క బారెడు పీచుతాడు ఈ గుమ్మంలోకి రాగా నేను చూళ్ళేదు."

"బేరం కుదరద్దటే?"

"రెండేళ్ళా?"

"వాళ్ళు తగ్గడం లేదు," అన్నాడు జోగేశ్వరరావు.

అమ్మణ్ణి తల ఊపింది. ఆ తల ఊపిన తీరు అతనికి నచ్చలేదు. ఆవిడా వర్తకుల ఆడపడుచే. రెండేళ్ళపాటు రోజూ వెళ్ళినా తెగని బేరం ఒక్కటే ఉంటుందనీ, దాని చెవులకి జూకాలుంటాయనీ ఆవిడకి తెలుసు. గోదావరి జిల్లాల్లో మగవాడు రోజూ ఒకే వేళకి ఒకే దిక్కుకి పోతున్నాడంటే, జనానికి తట్టేది అదొక్కటే.

మూడోనాటికి పాలకొల్లు నించి అమ్మణ్ణి తమ్ముడు తాతాజీ దిగాడు. అతనికి అక్కడ కారం మిల్లుంది. మనిషి ఆరడుగుల పొడుగు. రహస్యంగా వెంబడించడానికి దేవుడు చేసిన ఆకారం కాదు. అయినా అక్క కోసం తలకి తువ్వాలు చుట్టుకుని, పంటు మీద అరటిగెలల వెనక నక్కాడు. జోగేశ్వరరావు శనక్కాయల ధ్యాసలో ఉండి చూడలేదు. అవతలి రేవు రాగానే తాతాజీ అందరికంటే ముందు దూకి, సోడా బడ్డీ చాటున నిలబడ్డాడు, బావగారు దిగితే వెనకే పడదామని. సైకిళ్ళు దిగాయి, మేకలు దిగాయి, చేపల గంపలు దిగాయి. బావగారు లేరు.

పంటు మీదే ఉండిపోయి ఉంటారన్న ఆలోచన తాతాజీకి రాలేదు. టిక్కెట్టు కొన్నవాడు దిగడని మిల్లు నడిపే మనిషికి ఎలా తోస్తుంది? ఊళ్ళో వీధులన్నీ గాలించి, తర్వాతి పంటుకి వెనక్కి వచ్చాడు. జోగేశ్వరరావు పెరట్లో కాళ్ళు కడుక్కుంటూండగా, వంటింట్లో గొంతు తగ్గించి అక్కకి చెప్పాడు.

"బావగారు సామాన్యుడు కాడే అక్కా. దిగిన నిమిషంలో మాయం! అంటే ఇల్లు రేవుకి దగ్గర్లోనే ఉందన్నమాట."

"ఏ ఇల్లురా?"

"రేవు దగ్గర రెండు డాబాలు, ఒక పెంకుటిల్లు ఉన్నాయి. నా అనుమానం పెంకుటింటి మీదే."

"ఏం?"

"గుమ్మంలో కనకాంబరాల మొక్కలున్నాయే."

అమ్మణ్ణికి ఇంక సాక్ష్యం అక్కర్లేకపోయింది.

మర్నాడు సాయంత్రం జోగేశ్వరరావు కండువా దులిపి "ఏమే" అనేసరికి, ఆవిడ వెంకటగిరి చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"పదండి, నేనూ వస్తాను. కొట్టు తమ్ముడు చూస్తాడు."

"నువ్వెందుకే? అంతా బురద."

"మీరు నడుస్తున్నారుగా రోజూ."

పంటు మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. జోగేశ్వరరావు అలవాటుగా మాడు కాయలు ఏరి పక్కన పెట్టి, మిగతావి ఒలుస్తూ కూర్చున్నాడు. నిజం చెబితే నమ్మదు. నమ్మితే ఇంకా ప్రమాదం. పనిలేని తిరుగుడని తెలిశాక ఏ ఇల్లాలు ఊరుకుంటుంది? రేపటినించీ ఈ వేళకి కొట్లోనే కూర్చోబెడుతుంది. ఉన్నదల్లా ఈ ఒక్క గంట. ఇదీ పోతే మిగిలేది నులకా, నవారూ, మోకులూను.

సఖినేటిపల్లి రేవు వచ్చింది. జనం తోసుకుంటూ దిగారు. అమ్మణ్ణి లేచి కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుంది.

"లేవండి. ఏ ఇల్లో చూపించండి."

"ఏ ఇల్లే?"

"పెంకుటిల్లు. కనకాంబరాల మొక్కలున్నది."

"ఎవరిదది?" అన్నాడు జోగేశ్వరరావు. రెండేళ్ళలో అతను ఆవిడతో కల్తీ లేకుండా మాట్లాడిన మొదటి మాట అదే.

రేవు గుంజకి మోకు బిగిస్తున్న టిక్కెట్ల పెద్దిరాజు తలెత్తాడు.

"అమ్మగారూ, తమరు దిగితే దిగండి. అయ్యగారు దిగరండి."

"దిగకపోవడమేంటయ్యా?"

"దిగరండి! రెండేళ్ళబట్టి చూత్తన్నానండి. కాయలు తింటారు, కాళ్ళు జాపుకుంటారు, వచ్చిన పంటు మీదే ఎల్లిపోతారండి. మొదట్లో ఏదో తేడా చేసిందనుకున్నామండి. ఏం చెయ్యరులే అని ఇక వదిలేశామండి."

అమ్మణ్ణి మొగుడి వంక చూసింది. ఖాళీ పంటు వంక చూసింది. మళ్ళీ మొగుడి వంక చూసి, మెల్లిగా కూలబడింది.

"ఇక్కడ కూర్చుని ఏం చేస్తారు?"

"చెప్పాడుగా. శనక్కాయలు తింటాను."

"ఇంట్లో లేవా శనక్కాయలు?"

"ఉన్నాయి."

"మరి?"

"ఇంట్లో తింటూంటే ఎవడో ఒకడొచ్చి రెండు బారల మోకు కొయ్యమంటాడే."

అమ్మణ్ణి ఏడవడానికి సిద్ధపడి వచ్చింది. పుట్టింటివాళ్ళని పిలిపించి, సంఘం పెద్దల్ని కూర్చోబెట్టి అడగాల్సినవన్నీ కంఠతా పెట్టుకుని వచ్చింది. ఇంకో ఆడది ఉంటే జుట్టు పట్టుకోవచ్చు. శనక్కాయల పొట్లాన్ని ఏం పట్టుకుంటాం? కుచ్చిళ్ళు సర్దుకుని అంది.

"రెండేళ్ళు. ఒక్కరే."

"ఏం చెప్పమంటావే నీకు?"

"నేనీ గోదావరి దాటినప్పుడల్లా పెళ్ళికో చావుకో. ఒళ్ళో ఎవరి పిల్లో, చేతిలో ఎవరి మూటో. నీళ్ళు ఏ రంగులో ఉంటాయో ఇవాళే చూశాను."

"ఏ రంగులో ఉన్నాయేంటి?" అన్నాడు భయం భయంగా.

"మీ అక్కయ్య పెట్టే కాఫీ రంగులో."

పంటు వెనక్కి తిరిగింది. అమ్మణ్ణి చెప్పులు విడిచి కాళ్ళు చాపుకుంది. పరధ్యానంగా చెయ్యి చాచి, అతను ఏరి పక్కన పెట్టుకున్న మాడు కాయలన్నీ ఒక్కొక్కటే తినేసింది. జోగేశ్వరరావు ఒక్కొక్కదాన్నీ కళ్ళతోనే సాగనంపాడు. నరసాపురం రేవులో దిగాక ఉండబట్టలేక గొంతు సవరించుకున్నాడు.

"మరి... రేపు?"

"రేపు మీరు వెళ్ళడానికి వీల్లేదు."

అతని కండువా భుజం మీంచి జారింది.

"దీపం వేళకి కొట్లో ఉండండి. రేపు నేనొస్తాను. ఎల్లుండి మీరు రండి."

"ఇద్దరం కలిసి రావచ్చు కదే?"

"కొట్టెవరు చూస్తారు? అయినా మీరు పక్కనుంటే నాకు కుదరదు. తొక్కలన్నీ నా కొంగు మీదే పోశారు."

ఇంటికొచ్చి తాతాజీకి ఉన్నదున్నట్టు చెప్పింది. అతను జాలిగా విన్నాడు. ఊరికే వెళ్ళి ఊరికే వచ్చే మనిషి ఉంటాడంటే తాతాజీ నమ్మగలడా? పంటు వాణ్ణి కూడా కొనేశాడు, బావగారు అసాధ్యుడు అనుకుంటూ ఆఖరి బస్సుకి పాలకొల్లు వెళ్ళిపోయాడు.

మర్నాడు అయిదింటికి అమ్మణ్ణి చేట పక్కన పెట్టి, ఏ వంకా చెప్పకుండా రేవుకి నడిచింది. జోగేశ్వరరావు పీట మీద కూర్చుని ఒకరికి నులక తూచాడు, ఇంకొకరికి మోకు కొలిచి కోశాడు. లాంచీ కూత వినపడ్డప్పుడల్లా లెక్క తప్పాడు. వేళ కాగానే దీపం పెట్టాడు. రేవులో దిగినవాళ్ళు బజారంట పోవడం అయిపోయింది. అమ్మణ్ణి రాలేదు. ఎదుటి కొట్టాయన రెండుసార్లు ఇటు చూశాడు. మూడోసారి చూసేసరికి, చెదిరిన జుట్టు సవరించుకుంటూ ఆవిడ మెట్లెక్కింది.

"ఇంత ఆలస్యమేమిటే?"

"ఇటొచ్చిన పంటు మళ్ళీ అటే వెళ్తోందిగా," అంది అమ్మణ్ణి. "దిగబుద్ధి కాలేదు. ఇంకోసారి వెళ్ళొచ్చాను."

జోగేశ్వరరావు చేతిలో మోకు అలాగే ఉండిపోయింది. రెండేళ్ళనించీ వెళ్తున్నాడు. ఆ ఆలోచన తనకి ఒక్కనాడూ రాలేదు.