గ్యాలరీ కింద చోటు

కొత్తపేటలో ఫుట్‌బాల్ గురించి నోరున్న ప్రతివాడూ మాట్లాడవచ్చు. బంతిని జన్మలో తన్ననివాడు మాట్లాడవచ్చు, ఆటకి ఎంతమంది దిగుతారో తెలియనివాడు మాట్లాడవచ్చు. ఒక్క ఆదినారాయణ గారు మాత్రం మాట్లాడకూడదు. అదీ ఆయన షాపు అరుగెక్కి, ఆయన వేసిన బల్ల మీద కూర్చుని, ఆయన తెప్పించిన టీ తాగుతూ జనం పెట్టిన రూలు.

ఆదినారాయణ గారు టైలరు. పలివెల రోడ్డు మొదట్లో చిన్న షాపు, ఒక కుట్టుమిషను, గోడ మీద దేవుడి పటం పక్కనే యంగ్‌మెన్ క్లబ్బు టీము ఫోటో. క్లబ్బు పుట్టిననాటి నుంచీ వాళ్ళ ఆకుపచ్చ జెర్సీలు కుట్టింది ఆయనే. ఎవరి భుజం ఎంతో, ఎవరికి పొట్ట పెరుగుతోందో టేపు పట్టకుండా చెప్పేవారు. పిల్లలు లేరు. తండ్రి పోయిన మేనల్లుడు హరిబాబుని తెచ్చి పెంచుకున్నారు. వేలు పట్టుకుని వాణ్ణి మొదటిసారి మ్యాచికి తీసుకెళ్ళిందీ ఆయనే. వాడికి పెళ్ళయి, కావ్య అనే కూతురు పుట్టాక కూడా ఆదివారం వస్తే ఇద్దరూ కలిసే గ్రౌండుకి నడిచేవారు.

చిక్కంతా ఆయన నాలుకతో వచ్చింది. దాని మీద నేరేడుపండు తిన్నట్టు నల్లటి మచ్చ ఒకటి ఉండేది. ఓ మ్యాచికి ముందు, గోలు కాసే గోలీతో "మోకాలు జాగర్త బాబూ" అన్నారు. ఆ సాయంత్రమే వాడి మోకాలు విరిగింది. అప్పుడు జనం నవ్వుకున్నారు. తొంభై ఆరు నవంబరులో, తుఫాను రోజు మధ్యాహ్నం, అరుగు మీద నిలబడి ఆకాశం చూస్తూ "గాలి తేడాగా ఉందండి. ఈ చెట్లేవీ నిలబడేలా లేవండి" అన్నారు. ఆ పూట కోనసీమలో ఎంతమంది ఆ మాట అనుకుని ఉంటారో లెక్కలేదు. కానీ మచ్చ ఉన్న నాలుక ఈయనదే. తెల్లారేసరికి తోటలకి తోటలే నేలమీద ఉన్నాయి. పెరట్లో కొబ్బరిచెట్టు ఇంటి మీద పడి ఆయన అక్క, అంటే హరిబాబు తల్లి, పోయింది.

ఆ తర్వాత ఇంకెవరూ నవ్వలేదు. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారని, నోరు జారిన మాటకి తథాస్తు అంటారని మనవాళ్ళ నమ్మకం కదా. ఆ దేవతలు వేరే పని లేక ఆదినారాయణ గారి షాపు మీదే కాపరం పెట్టారని పెద్దిరాజు తేల్చేశాడు. పెద్దిరాజు కొబ్బరికాయల వ్యాపారి, క్లబ్బుకి ప్రెసిడెంటు, గొంతు పెద్దది. అతను తేల్చాక అప్పీలు లేదు. ఇంకా ఘోరం ఏమిటంటే, ఆదినారాయణ గారు కూడా నమ్మేశారు. అక్క చితి దగ్గర నిలబడి హరిబాబు ముఖంలోకి చూడలేకపోయిన రోజునే ఆయన నమ్మారు.

పడిపోయిన చెట్లని ఏం చెయ్యాలో తెలియక జనం తలలు పట్టుకుంటుంటే, పెద్దిరాజు తన తోటలో దుంగలు కొన్ని ఇచ్చి గ్రౌండులో గ్యాలరీ కట్టించాడు. నేలలో పాతిన నిట్రాళ్ళూ కొబ్బరి దుంగలే, అడ్డదూలాలూ అవే, కూర్చునే మెట్లూ అవే. తాటి నిట్రాడైతే తరాలు నిలుస్తుంది, కొబ్బరిమాను మట్టిలో పాతితే లోపల్నుంచి పుచ్చిపోతుంది. కోనసీమలో పుట్టినవాడెవడికైనా ఈ సంగతి తెలుసు. తెలిసీ, ఇప్పటికి కానిద్దాం అనుకున్నారు. మన ఊళ్ళో అన్నీ ఇప్పటికి కానిద్దామనే కడతారు.

గ్యాలరీ కట్టిన ఏడాది మొదటి మ్యాచికి ఆదినారాయణ గారు పైకెక్కడానికి మొహం చెల్లక, గ్యాలరీ కింద నీడలో ఓ ముక్కాలిపీట వేసుకుని, వేలాడే కాళ్ళ సందుల్లోంచి ఆట చూశారు. మనవాళ్ళు గెలిచారు. అంతే, అది సెంటిమెంటైపోయింది. ఆయన రావాలి, కింద కూర్చోవాలి, నోరు మెదపకూడదు. రెండేళ్ళు అలాగే గడిచింది. పైన వందమంది గొంతులు చించుకుంటుంటే కింద ఒక్క మనిషి పళ్ళ మధ్య చొక్కా గుండీ పెట్టుకుని కూర్చునేవారు.

తొంభై తొమ్మిది ఏప్రిల్. ఆ ఏడు లీగులో కొత్తపేట మునుపెన్నడూ లేనంత పైకి వచ్చింది. మొదటి రెండు స్థానాల్లో ఉన్నవాళ్ళు కాకినాడ వెళ్ళి జిల్లా పోటీల్లో ఆడతారు. మనవాళ్ళు రెండో స్థానంలో ఉన్నారు, అమలాపురం వెనకాలే ఉంది. మిగిలింది ఒక్క మ్యాచి, సొంత గ్రౌండులో రాజోలుతో. ముందురోజు సాయంత్రం అరుగు కిటకిటలాడింది.

"డ్రా చేసుకున్నా చాలండి. అమలాపురం వాళ్ళు వాళ్ళ మ్యాచి గెలిచినా మనదే ఒక పాయింటు పైన" అన్నాడు హరిబాబు.

"డ్రా ఏంటయ్యా, డ్రా? రాజోలోళ్ళకి రెండు గోల్సు కొట్టి పంపిస్తాం" అన్నాడు పెద్దిరాజు.

"వాళ్ళ ఫార్వర్డు ఒకడున్నాడండి, బంతి దొరికితే ఆగడు" అని గుంపులో ఎవరో అన్నారు.

"ఆగకపోతే మనోళ్ళు ఆపుతారు. మరేంటనుకున్నావ్!"

ఈ గోలలో ఆదినారాయణ గారికి ఆవులింత వచ్చి నోరు తెరిచారు.  టీగ్లాసులు గాల్లోనే ఆగాయి. ఆయన సిగ్గుపడి చేత్తో నోరు మూసుకున్నారు.

"ఆయ్, ఆదినారాయణ గారూ, మీకు దణ్ణం పెడతానండి" అన్నాడు పెద్దిరాజు. "రేపు వొచ్చి మీ చోట్లో మీరు కూర్చోండి చాలు. ఏవీ అనబోకండి."

ఆయన తలూపి మిషను తొక్కడం మొదలుపెట్టారు. లోపలనుంచి అంతా విన్న ఆయన భార్య జయమ్మ గారు మాత్రం, జనం వెళ్ళాక ఊరుకోలేదు. "మీరు మాట్లాడితే ఓడిపోయే టీము, ఆడి ఏం గెలుస్తదండీ?" అన్నారు భర్తతో. 

మర్నాడు ఎండ నిప్పులు చెరుగుతోంది. అంత జనాన్ని గ్యాలరీ ఎప్పుడూ మొయ్యలేదు. చోటు లేక ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చున్నట్టు కూర్చున్నారు. సరిగ్గా ఆదినారాయణ గారి తల పైన హరిబాబు, వాడి ఒళ్ళో కావ్య. జెర్సీల మిగులుగుడ్డతో ఆయనే కుట్టిన ఆకుపచ్చ గౌను వేసుకుంది. పట్టీలు పెట్టిన దాని పాదాలు ఆయన ముఖం ముందు ఊగుతున్నాయి.

రెండు జట్లూ చెరో గోలు కొట్టాయి. రెండో సగంలో మనవాళ్ళకి కార్నర్ వచ్చింది. పైనవాళ్ళంతా లేచి కాళ్ళతో మెట్లని దబదబా తొక్కారు. ఆదినారాయణ గారి చొక్కా మీద ఎర్రటి పొట్టు రాలింది. దులుపుకున్నారు. మళ్ళీ రాలింది. తలెత్తి చూస్తే నడిమి దూలం కట్టు దగ్గర పీచుతాడు జారి, దూలం బెత్తెడు కిందకి వాలి ఉంది. పక్కన నిట్రాడు మీద చెయ్యి వేసి వేలితో నొక్కారు. వేలు లోపలికి దిగిపోయింది. తడి పేడలో దిగినట్టు, ఏ అడ్డూ లేకుండా దిగిపోయింది. బయటికి తీస్తే వేలి చివర తెల్లటి పురుగు కదులుతోంది.

ఆయన గబుక్కున లేచారు. హరిబాబు ప్యాంటు అంచు పట్టుకుని లాగారు. వాడు వంగి చూశాడు. ఈయన నిట్రాడు చూపించి, దిగమని చేత్తో సైగ చేశారు. వాడికి ఆయన నోరు ఎక్కడ తెరుస్తారోనన్న భయం తప్ప ఇంకేమీ కనపడలేదు.

"వద్దు మావయ్యా. ఇంకొక్క పావుగంట ఓర్చుకోండి. మీ కాళ్ళు పట్టుకుంటాను" అని మళ్ళీ ఆట వైపు తిరిగిపోయాడు.

'కూలిపోతుంది, దిగండి' అని ఒక్క కేక వేస్తే చాలు. ఎవరైనా అదే చేసేవాళ్ళు. కానీ ఆదినారాయణ గారికి ఆ మాటంటేనే భయం. చెట్లు నిలబడవని ఆయన అన్న రోజు చెట్లు నిలబడలేదు. ఇప్పుడు కూలుతుందని అంటే, ఆ మాట ఇంకా గాల్లో ఉండగానే కూలుతుంది. ఆ పట్టీల కాళ్ళు అక్కడే ఉండగా కూలుతుంది. ఆయన అలా అనుకున్నారు. నమ్మినవాడి భయం నమ్మనివాడికి నవ్వులాటగానే ఉంటుంది. కానీ ఆ క్షణాన ఆ మనిషి గుండె ఎంత కొట్టుకుందో తలుచుకుంటే నాకు నవ్వు రాదు.

మళ్ళీ కార్నర్. మళ్ళీ కాళ్ళ దరువు. దూలం కిర్రుమంది.

ఆయన పీట తన్నేసి బయటికి పరిగెత్తారు. గ్రౌండు గీత దగ్గర నిలబడి, గ్యాలరీ వైపు తిరిగి, రెండేళ్ళుగా దాచిన గొంతంతా పెట్టి అరిచారు.

"ఓడిపోతారు! మనోళ్ళు ఇయ్యాల ఓడిపోతారు! కాకినాడా లేదు, గీకినాడా లేదు! ఏం చేస్తారో రండిరా, దిగి రండి!"

 గ్యాలరీ మీది జనం మొత్తం కిందకి దూకింది. పెద్దిరాజు ముందు, మిగతావాళ్ళు వెనక. చొక్కా చింపారు, కింద పడేసి తన్నారు. ఆయన చేతులడ్డం పెట్టుకుంటూనే గ్యాలరీ వైపు చూస్తున్నారు. పై మెట్టు మీద ఇంకా ఎవరో ఉన్నారు. "దిగు! నువ్వూ దిగరా, చవటా!" అని మళ్ళీ అరిచారు. అందరికంటే ఆఖర్న హరిబాబు, కావ్యని చంకనెత్తుకుని దిగి వచ్చాడు. జనాన్ని తోసుకుంటూ వచ్చి, పెంచిన మేనమామని చెంప మీద కొట్టాడు.

"అమ్మ చాల్లేదా మీకు?" అన్నాడు.

ఈ గొడవ ఏమిటా అని మన గోలీ తల తిప్పి చూశాడు. రాజోలు ఫార్వర్డు అదే అదనుగా బంతిని లోపలికి కొట్టాడు. మిగిలిన ఆటంతా జనం గీత మీదే నిలబడి ఏడుస్తూ, తిడుతూ చూశారు. గ్యాలరీ ఖాళీగా నిలబడే ఉంది. ఊడిపడలేదు, కదలను కూడా కదల్లేదు. ఆట ముగిసింది, మనవాళ్ళు ఓడారు, అమలాపురం గెలిచి, పాయింట్లు సమానమైనా గోల్సు లెక్కలో ముందుండి కాకినాడ వెళ్ళింది.

ఆ రోజు నుంచి ఆదినారాయణ గారి అరుగు బోసిపోయింది. జెర్సీలు రావులపాలెంలో కుట్టించుకున్నారు. దారిన పోయేవాళ్ళు ఆయన ఎదురైతే ఇంటికి తిరిగి వెళ్ళి, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరేవారు. టీము ఓడిందన్న బాధ ఆయనకి అందరికంటే ఎక్కువే. తనే ఓడించానని కూడా ఆయన నమ్మారు. జయమ్మ గారికి తప్ప ఎవరికీ జరిగింది చెప్పలేదు.

తొలకరి వానకి ఓ పగటిపూట గ్యాలరీ ముక్కలై కూలిపోయింది. కింద ఎవరూ లేరు, పైనా ఎవరూ లేరు. ఊరంతా వెళ్ళి చూసింది. నిట్రాళ్ళు లోపల పిండి పిండి. చూసినవాడెవడికైనా అర్థం కావాలి. జయమ్మ గారు సంబరంగా ఇంటికి వచ్చి, "ఇప్పటికైనా తెలిసొస్తదండి" అన్నారు. తెలిసొచ్చింది మాత్రం ఇంకోటి.

"చూసేరా! ఉక్కులాంటి దుంగలండి. ఆ నోరు పడి పుచ్చిపోయేయి" అన్నాడు పెద్దిరాజు. దుంగల తప్పు కాదని తేలాక, కొత్త దుంగలు ఎందుకు? డిసెంబరులో లీగు మొదలయ్యే వేళకి, తన తోటలో తుఫాను నాటి నుంచీ వానకి నానుతూ పడి ఉన్న గుట్టలోంచే మరికొన్ని పంపాడు. ఈసారి మెట్లు రెండు ఎక్కువ వేయించాడు. ఆదినారాయణ గారు గ్రౌండు ఛాయలకి రాకూడదని తీర్మానం చేశారు. ఆ కబురు చెప్పడానికి హరిబాబే వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

ఆయన మిషను ఆపి లేచారు. ఈసారి ఆగలేకపోయారు. "ఒరేయ్ హరీ, ఆ దుంగలు వద్దురా. తాటి నిట్రాళ్ళు వెయ్యమని చెప్పరా. అది..."

 హరిబాబు రెండు చేతులూ జోడించాడు.

"మావయ్యా, అమ్మ పోయినప్పుడు మిమ్మల్ని నేనొక్క మాట అన్లేదు. ఇప్పుడు దాని మీద నా కూతురు కూర్చుంటదండి. మీకు పుణ్యముంటది, దాని గురించి ఏవీ అనకండి."

ఆయన నోరు మూసుకున్నారు.

ఆదివారం మధ్యాహ్నం షాపు ముందునుంచి జనం బారులు తీరి గ్రౌండుకి వెళ్ళారు. ఈ ఏడు మొదటి స్థానమా, రెండో స్థానమా అని అప్పుడే వాదన మొదలైంది. హరిబాబు షాపు వైపు చూడకుండా మొహం తిప్పుకుని నడిచాడు. వాడి భుజమ్మీద కావ్య, పోయిన లీగునాటి ఆకుపచ్చ గౌనులోనే, తాతయ్యకి చెయ్యూపింది. కాసేపటికి ఈల వినిపించింది. తర్వాత గ్యాలరీ మీద వందల కాళ్ళు ఒక్కసారిగా తొక్కిన చప్పుడు షాపుదాకా వచ్చింది. ఆదినారాయణ గారు మిషను మీద చేతులు పెట్టుకుని, గుండీ ఒకటి పళ్ళ మధ్య బిగించి, వింటూ కూర్చున్నారు. గ్యాలరీ కింద చోట్లో ఇప్పుడు ఎవరూ లేరు.